నా పాత చొక్కా కట్టిన డబ్బా

టూర్ మేనేజర్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ దేశం బాగుంటుంది సార్ అని. దేశాలన్నీ బాగానే ఉంటాయి. ఈ ఉద్యోగంలో బాగోనిది పక్క కుర్చీ. మన ఆఫీసులోనే, మన జీతానికే, మన తర్వాత చేరి, మనకంటే మంచివాడు అనిపించుకునే మనిషి ఒకడు ఆ కుర్చీలో కూర్చుంటాడు. నా పక్క కుర్చీలో కూర్చున్నవాడి గురించి చెబుతాను. అసూయతోనే చెబుతున్నానని ముందే అనుకోండి. అది తగ్గాక చెబుదామని చాలా కాలం ఆగాను, తగ్గలేదు.

మా ట్రావెల్ ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక చీరల షాపు పై అంతస్తులో ఉండేది. కిటికీ తీస్తే మెట్రో పిల్లర్, దాని మీద కోచింగ్ సెంటర్ బోర్డు. చిన్న ఉద్యోగాలు, చిన్న వ్యాపారాలు చేసుకొని జీవితంలో ఒక్కసారి విమానం ఎక్కాలనుకునే వాళ్లే మా ప్రయాణికులు. వాళ్లను బృందంగా తీసుకెళ్లి, చూపించి, తప్పిపోకుండా తీసుకురావడం మా పని. నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ని. డిగ్రీ ఉంది, ఇస్త్రీ చొక్కా ఉంది, ప్రతి దేశం రూల్సూ కంఠతా ఉన్నాయి. అతను నల్గొండ వైపు ఒక పల్లెలోని క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చి అల్మాస్‌గూడలో స్థిరపడ్డవాడు. ఎల్బీ నగర్‌లో క్యాబ్ తిప్పుతూ తిప్పుతూ మా ఓనర్ కంట్లో పడ్డాడు. నా కంట్లో కూడా పడ్డాడు, నలుసులా.

ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడితే వరస కలిపేస్తాడు. మా ఓనర్‌ని అన్నా అంటాడు, ఓనర్ గారి అమ్మగారిని పెద్దమ్మా అంటాడు, మా ఆవిణ్ని అక్కా అంటాడు. నన్ను మాత్రం మొదటి రోజు నుంచి సార్ అన్నాడు. అది గౌరవమే. కానీ అందరికీ చుట్టరికం పంచి నాకొక్కడికే గౌరవం ఇవ్వడం ఏమిటని నాకు కడుపు మండేది.

అసలు విషయానికి వస్తాను. మనవాళ్లు విదేశం వెళ్తుంటే పెట్టెలో తిండి లేకుండా వెళ్లరు. పచ్చళ్లు, పొడులు అయితే పరవాలేదు. మాంసంతోనే చిక్కు. ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఇంట్లో చేసిన మాంసం ఏదీ లోపలికి రానివ్వరు. విమానంలో ఒక కార్డు ఇస్తారు. తిండి ఏదైనా ఉంటే ‘ఉంది’ అని రాయాలి. రాస్తే చూస్తారు, కూడనిదైతే తీసి పారేస్తారు, అంతటితో సరి. రాయకుండా దాచి పట్టుబడితే జరిమానా వేస్తారు, వాళ్లకు మరీ తప్పనిపిస్తే వీసా రద్దు చేసి అక్కణ్నుంచే వెనక్కి పంపేస్తారు. అంతకుముందు బృందంలో ఒకావిడ పట్టుచీర మడతల్లో కోడి పచ్చడి దాచి పట్టుబడింది. ఆవిడ జరిమానా కట్టి, ఏడ్చి, తిరిగొచ్చాక కొత్తపేట అంతా మా ఆఫీసు పేరు చెప్పి తిట్టింది.

దాంతో ఓనర్ మా ఇద్దర్నీ పిలిచాడు. తర్వాతి ఆస్ట్రేలియా బృందాన్ని రెండు సగాలు చేసి చెరొకటి అప్పగించాడు. ఎవరి సగం బాగా నడిస్తే ఇకమీదట విదేశీ బృందాలన్నీ వాళ్లవి, రెండోవాళ్లు టికెట్ల కౌంటర్‌లో కూర్చోవాలి అన్నాడు. టికెట్ల కౌంటర్ అంటే ఏమిటో మీకు తెలియదు. గాజు అద్దం వెనక కూర్చొని ఇతరులను విమానాలు ఎక్కించడం. నాకు రిటైర్మెంట్ ఇంకా కొన్నేళ్లు ఉంది. ఆ కొన్నేళ్లూ అద్దం వెనక ఎలా గడపాలా అని భయం పట్టుకుంది. అతను ఓడిపోవాలని రోజూ దండం పెట్టుకునేవాణ్ని, దేవుడికి చెప్పుకోదగిన కోరిక కాకపోయినా.

నేనొక పద్ధతి పెట్టాను. ప్రయాణానికి ముందు ఆదివారం ఎల్బీ నగర్‌లో ఒక కమ్యూనిటీ హాల్ తీసుకొని, నా సగం వాళ్లంతా పెట్టెలతో రావాలి, అందరి ముందూ విప్పి చూపించాలి అన్నాను. దానికి ‘పెట్టెలు విప్పే రోజు’ అని పేరు కూడా పెట్టాను. అతను నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“సార్, ఒక్క మాట చెప్తా, ఏమనుకోకుండ్రి. అందరి ముందల పెట్టె ఇప్పుమంటే ఎవ్వలు ఇప్పుతరు? ముందే తీసి దాస్తరు. ఆస్ట్రేలియోళ్లకు భయపడి కాదు, పక్కింటోళ్లకు భయపడి.”

“దాచడానికేముంది? రూలు అందరికీ ఒకటే.”

“రూలు ఒకటే సార్, తినేది ఒకటి కాదు గద. మీ దాంట్ల తిననోళ్లు సగం మంది ఉన్నరు. ఆళ్ల ముందల కూర డబ్బా ఎట్ల తీస్తరు?”

“మరి నువ్వేం చేస్తావ్?”

“ఇండ్లకు పోతా. ఏం సర్దుతున్నరో చూసొస్తా.”

ఇండ్లకు పోవడమంటే ఏమిటో తర్వాత తెలిసింది. ఒకరోజు నాగోల్, ఒకరోజు బడంగ్‌పేట్. పోయిన ప్రతి ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర కూర్చొని, వాళ్లు సర్దబోయేది రుచి చూసి, “గిది ఈడనే తినుండ్రి, ఆడ పారేస్తరు” అని చెప్పి వచ్చేవాడు. సాయంత్రం ఆఫీసుకొచ్చి త్రేన్చేవాడు. నేను మధ్యాహ్నం పెరుగన్నం తిని రూల్స్ కాయితాలు జిరాక్సులు తీయిస్తుంటే, అతను డ్యూటీ పేరుతో ఊరంతా విందులు తింటున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అతని నోరు రెండు రకాలా మంచిదే.

నా పెట్టెలు విప్పే రోజు మాత్రం అద్భుతంగా జరిగింది. ఒక్కొక్కరే వచ్చి పెట్టె తెరిచారు. చేగోడీలు, సున్నుండలు, కందిపొడి, ఆవకాయ. అంతమందిలో ఒక్క పెట్టెలోనూ కోడి లేదు, చేప లేదు. ఎవరూ ఏనాడూ మాంసం ముట్టనట్టే ఉన్నారు. కొత్తపేటలో ఉండే ఒక పెద్దాయన, రిటైరైన లెక్చరర్, పెట్టె మూస్తూ, “మా ఇంట్లో నీచు మానేసి చాలా ఏళ్లయిందండీ. మా ఆవిడ భజన మండలి పెట్టిన దగ్గర్నుంచి” అన్నాడు. పక్కనే ఆవిడ నవ్వుతూ తలూపింది. నేను సంతోషంతో అందరికీ టీ ఇప్పించాను.

ఆ వారంలోనే అతను మా ఇంటికి కూడా వచ్చాడట, నేను లేనప్పుడు. వాళ్లమ్మ ఎండబెట్టిన తునకలు తెచ్చిచ్చాడు. మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడు మీద బట్టల్లా ఆరేసి ఎండబెడతారు వాళ్లు. “పద్ధతి గల మనిషండీ” అంది మా ఆవిడ. నేను పేపర్ చదువుతున్నట్టు కూర్చున్నాను. ప్రయాణం రోజు పొద్దున వంటింట్లోంచి వెల్లుల్లి, కరివేపాకు వేగుతున్న వాసన ఇల్లంతా కమ్ముకుంది. భోజనానికి కూర్చుంటే నా కంచంలో బీరకాయ కూర. వాసన ఏమిటని అడిగితే, “ఏం లేదు, తినండి” అంది.

విమానంలో కార్డులు ఇచ్చారు. నేను లేచి నిలబడి, నా సగం వాళ్లందరికీ వినపడేలా, “ఎవరి దగ్గరైనా మాంసం గానీ, చేప గానీ, డబ్బా తిండి గానీ ఉంటే ఇప్పుడే చెప్పండి” అన్నాను. ఎవరూ తలెత్తలేదు. నాలుగు వరసల అవతల అతను చక్కగా నిద్రపోతున్నాడు. నేను కూర్చున్నాక మాత్రం లేచి నడక మొదలుపెట్టాడు. ఒక్కో సీటు దగ్గర వంగి ఏదో గొణుగుతున్నాడు, తన సగం వాళ్లతోనే కాదు, నా సగం వాళ్లతో కూడా. లెక్చరర్ గారి భార్య కళ్లు మూసుకొని పడుకుంటే, ఆయన పక్క సీటులో చేరి చాలాసేపు మాట్లాడాడు. ఆయన నవ్వాడు కూడా. హాల్లో నా ముందు ఆయన ఒక్కసారీ నవ్వలేదు. నా వాళ్లను లాగేసుకుంటున్నాడని మండిపోయి ఎయిర్ హోస్టెస్‌ని మంచినీళ్లడిగాను.

దిగాక మాంసం, చేప ఉన్నాయని రాసినవాళ్లకు ఒక వరస, పచ్చళ్లూ పొడులే అన్నవాళ్లకు ఒక వరస. నా వాళ్లంతా పచ్చళ్ల వరసలో గబగబా వెళ్లిపోతారనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే నా సగంలో చాలామంది మాంసం ఉందన్న వరసలో నిలబడి ఉన్నారు. లెక్చరర్ గారు కూడా. ఇంతమంది దగ్గర మాంసం ఉందా? ఉన్నమాట నాకు చెప్పలేదా? రాసి బయటపెట్టినందుకు వాళ్లకు జరిమానా ఉండదని నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో జరిమానా గుర్తుకే రాలేదు. నేను అరిచి అడిగినా చెప్పనిది అతను గొణిగితే చెప్పారు. అదొక్కటే తోచింది.

ఆ వరసలో అందరికంటే ముందు నిలబడ్డది అతనే. సంచిలోంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మూత ఊడకుండా దాని చుట్టూ ఒక గుడ్డ కట్టి ఉంది. నీలం గళ్ల గుడ్డ. చూడగానే గుర్తుపట్టాను. అది నా చొక్కా. మోచేతి దగ్గర చిరిగితే మా ఆవిడ పక్కన పెట్టిన చొక్కా. పైన వేసిన ముడి కూడా మా ఆవిడదే. పచ్చడి జాడీలకు ఆవిడ వేసే ముడి అలాగే ఉంటుంది, గోళ్లతో లాగినా ఊడదు.

అతను తిప్పలు పడి ముడి విప్పాడు. వెల్లుల్లి, కరివేపాకు వాసన ఆ హాలంతా వచ్చింది. ఆ వాసనకు ముందు రోజు నా కంచంలోని బీరకాయ కూర గుర్తొచ్చింది. కౌంటర్‌లో ఉన్న ఆఫీసరమ్మ వంగి చూసి, ఇది రానివ్వం అంది.

“తెలుసు మేడమ్. మా అక్క చేసింది. రాసిన గద” అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ సారీ అంటూనే డబ్బాను పక్కనున్న పెద్ద తొట్టిలో వేసింది. అప్పుడతను ఆ గుడ్డ ఇవ్వండి అని అడిగి తీసుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి మా వాళ్లందరికీ వినిపించేలా, “అయిపాయె, గంతే. ఏమనరు. మన డబ్బా పాయె, మనం ఉన్నం” అన్నాడు.

అంతే, నా సగం వాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చారు. కోడి పచ్చడి ఒకరి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి వచ్చింది, ఎండుచేపలు ఇంకొకరి స్వెట్టర్ మడతలోంచి వచ్చాయి. ఖీమా వేపుడు మందుల సంచిలోంచి వచ్చింది. ఎల్బీ నగర్ హాల్లో ఎక్కడా కనపడని తిండి అంతా అక్కడ బయటపడింది. తొట్టి నిండింది నా వాళ్ల వల్లే. అతని సగం వాళ్ల దగ్గర ఏమీ లేదు, ఇళ్లలోనే తినేసి వచ్చారు, అందులో కొంత అతనే తిన్నాడు.

చివరికి లెక్చరర్ గారి వంతు వచ్చింది. ఆయన భార్య వెనకే ఉంది. ఆయన చెయ్యి సంచిలో పెట్టి తీయకుండా ఆగిపోయాడు. అతను ఎప్పుడు కదిలాడో నేను చూడలేదు, “పెద్దమ్మా, మీ సూట్‌కేస్ గక్కడ చక్రం తిరుగుతలేదు, జర చూద్దురు రాండ్రి” అని ఆవిణ్ని ట్రాలీల వైపు తీసుకుపోయాడు. ఆయన గబుక్కున ఒక రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ఫ్యాక్టరీలో సీలు వేసిన చేప. ఆఫీసరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, మీద రాసింది చదివి, ఇది పరవాలేదు అని తిరిగి ఇచ్చేసింది. సీలు డబ్బాలో చేప తేవడం అక్కడ తప్పే కాదు, రాయకుండా తేవడం తప్పు. ఆ సంగతి హాల్లో అడిగి ఉంటే నేనే చెప్పేవాణ్ని. అడగలేదు. ఎలా అడుగుతారు, భజన మండలి పెట్టినావిడే పక్కన ఉంటే.

రెండో రోజు సముద్రం ఒడ్డున అందరూ ఫొటోలు దిగుతుంటే, బస్సు అద్దంలోంచి నేనొక దృశ్యం చూశాను. ఒక బల్ల మీద లెక్చరర్ గారూ, అతనూ ఎదురెదురుగా కూర్చొని ఆ చేప డబ్బా తెరిచి బ్రెడ్డుతో తింటున్నారు. పెద్దాయన ఏదో చెబుతున్నాడు, అతను తల ఊపుతూ వింటున్నాడు. ఆ చేప మీద నాకేం ఆశ లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క ప్రయాణికుడూ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని తన దాపరికం తినిపించలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది, అద్దానికి ఇవతల ఉన్నాను కాబట్టి ఎవరికీ కనపడలేదు.

తిరిగొచ్చాక ఓనర్ గదిలోకి ధైర్యంగానే వెళ్లాను. నా సగంలోనూ ఎవరూ పట్టుబడలేదు కదా. ఆ మాటే అన్నాను.

“నిజమే సార్. మీ సగంల కూడ ఎవ్వలు దొరకలే” అన్నాడు ఓనర్. “కానీ మీ సగమోళ్లు కూడ వచ్చేసారి ఆయననే పంపుమంటున్నరు. నేనేం జెయ్యాలె చెప్పుండ్రి.”

మీరే చెప్పండి, నేనెక్కడ ఓడిపోయాను? రూలు తప్పానా? హాలు అద్దె దండగ చేశానా? మరుసటి సోమవారం నుంచి నేను అద్దం వెనక కూర్చున్నాను. మొదటి టికెట్ అతని పేరు మీదే తీయాల్సి వచ్చింది, కిటికీ పక్క సీటు. పుండు మీద కారమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

కానీ ఆ సోమవారం కంటే ముందు, ఊరు చేరిన రోజే ఇంట్లో ఒక ప్రశ్న అడిగాను. బూట్లు కూడా విప్పలేదు.

“నాకు పెట్టకుండా అతనికి వేయించి ఇచ్చావు. అక్కడ తొట్టిలో పారేశారు, తెలుసా?”

మా ఆవిడ ఆశ్చర్యపోలేదు. “తెలుసండీ. పారేస్తారని చెప్పే అడిగాడు. అందరి ముందూ ముందుగా తనది పారేయిస్తే మిగతావాళ్లకు సిగ్గు పోతుందన్నాడు. పారేసేదైనా బాగా చెయ్యక్కా అన్నాడు.”

“మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు?”

“మీకు చెబితే రూలు చెబుతారు” అని నా సంచిలోంచి మాసిన బట్టలు తీసుకొని వెళ్లిపోయింది.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్నట్టు, చొక్కా నాది, నూనె నాది, భార్య నాది, పేరు మాత్రం అతనికి వచ్చింది. ఆ నీలం గళ్ల గుడ్డ ఉతికి, మడిచి, మర్నాడు తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టింది. నా పెళ్లినాటి పంచె పక్కన.

నేను రిటైరయ్యాను. అతను ఇంకా బృందాలు తీసుకెళ్తూనే ఉన్నాడు. ఆ డబ్బా పద్ధతి మాత్రం ఇప్పుడు మారింది, అది విమానం ఎక్కదు. శంషాబాద్‌లో లోపలికి వెళ్లే ముందే పార్కింగ్‌లో అందరూ చుట్టూ నిలబడి ఎవరి డబ్బాలు వాళ్లు విప్పి పంచుకొని తినేస్తారట. తిననివాళ్లు చేగోడీలతో పక్కనే నిలబడతారట. అయినా ప్రతి ప్రయాణం ముందూ అతను తునకలు తెచ్చి మా వంటింట్లో ఇవ్వడం, మా ఆవిడ వేయించడం, నా చొక్కా ఒకటి తరిగిపోవడం ఆగలేదు. పోయిన నెల కట్టిన గుడ్డ నా రిటైర్మెంట్ రోజు కుట్టించుకున్న చొక్కా. అది ఇంకా చిరగనే లేదు. అడిగితే, “కాలర్ మాసింది” అంది.

ఆ రోజు నేను పేపర్ పక్కన పెట్టి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాను. బాణలిలో తునకలు ఎర్రగా వేగుతున్నాయి. ఇన్నేళ్ల కాపురంలో, పెట్టింది తిన్నానే తప్ప నాకిది కావాలని అడిగిన గుర్తు లేదు. అడగడం కూడా ఒక పద్ధతేనని నాకెవరూ చెప్పలేదు, నేర్పగలిగినవాడి దగ్గర నేర్చుకోవడానికి నాకు మనసొప్పలేదు.

“నాకూ రెండు పెట్టవూ?” అన్నాను.

మా ఆవిడ గరిటె ఆపి నా వైపు చూసింది. “అడగొచ్చుగా ఇన్నాళ్లూ” అంది. చిన్న ప్లేటులో వేడివేడిగా వేసి, ఒక కరివేపాకు రెబ్బ కూడా పైన పెట్టి ఇచ్చింది. నేను అక్కడే గుమ్మంలో కూర్చొని ఒకటి నోట్లో వేసుకున్నాను. కరకరలాడింది, లోపల మెత్తగా ఉంది, ఉప్పు సరిగ్గా పడింది. ఆవిడ అటు తిరిగి నిలబడింది గానీ స్టవ్ కట్టేయలేదు, కలపనూ లేదు. వింటోందని తెలుస్తూనే ఉంది. ఏమనాలో మనసులో కూర్చుకొని, నమలడం పూర్తి చేసి, నోరు తెరవబోయాను.

వెనకనుంచి వాకిలి తలుపు తెరుచుకుంది. అతను చెప్పులు విప్పి లోపలికొచ్చి, నా ప్లేటులోంచే ఒక తునక తీసి నోట్లో వేసుకున్నాడు.

“అక్కా, మస్తుగున్నది” అన్నాడు, నాకంటే ముందే.